నజా సినిమా పిల్లాడికి చూపించే ముందు

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. సెలవుల్లో మనవడికి ఆ చైనా బొమ్మల సినిమా చూపిస్తానన్నావు. ఏడేళ్ళవాడు చూడొచ్చా, నజా అనే పిల్లాడి కథతో వచ్చిన మూడు సినిమాల్లో ముందు ఏది పెట్టాలి, వాడు అడిగే ప్రశ్నలకు ఏం చెప్పాలి అని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాలు చూసి రకరకాలుగా పలుకుతున్నారు. చైనావాళ్ళ నోట మొదటి అక్షరం మన 'న'కు దగ్గరగా ఉంటుంది, గొంతు కాస్త పైకి లేస్తుంది. రెండోది నాలుక మడిచి పలికే 'జా'. 'నజా' అంటే చాలు. నిజానికి ఈ పేరు మన దగ్గర్నుంచి వెళ్ళిందే. కుబేరుడి కొడుకు నలకూబరుడు ఉన్నాడు కదా, బౌద్ధ గ్రంథాలు సంస్కృతం నుంచి చైనీస్‌లోకి మారినప్పుడు ఆ పేరును వాళ్ళ అక్షరాల్లో 'నజా-జూ-ఫా-లో' అన్నట్టు రాసుకున్నారు. పోనుపోను తోక రాలిపోయి 'నజా' మిగిలింది.

సినిమాలో అతని తండ్రి లీ జింగ్. ఆయన కథ ఇంకా బాగుంటుంది. విశ్రవసుడి కొడుకు కాబట్టి కుబేరుడికి వైశ్రవణుడని పేరు. బౌద్ధంలో ఈ వైశ్రవణుడు ఉత్తర దిక్కును కాసే రాజు. చైనా గుళ్ళలో ఆయన అరచేతిలో చిన్న స్తూపం పెట్టి బొమ్మలు చేశారు. థాంగ్ వంశం కాలంలో లీ జింగ్ అనే సేనాపతి నిజంగానే ఉండేవాడు (571-649). చనిపోయాక జనం ఆయన్ని పూజించారు. కాలక్రమంలో సేనాపతీ దిక్పాలకుడూ ఒకరైపోయారు. కాబట్టి తెరమీద కనిపించే తండ్రీకొడుకులు మూలంలో మన కుబేరుడూ నలకూబరుడూ.

మనవడికి మద్దిచెట్ల కథ చెప్పావా? చెప్పకపోతే సినిమాకు ముందు రోజు రాత్రి చెప్పు. పోతన భాగవతంలో యశోద రోటికి కట్టేస్తే చిన్నికృష్ణుడు ఆ రోలు ఈడ్చుకుంటూ వెళ్ళి కూల్చిన జంట మద్దుల్లో ఒకటి నలకూబరుడే, నారదుడి శాపం వల్ల అలా అయ్యాడు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభతో విమానంలో తిరిగేదీ ఇతనే. సూరన ఇక్కడ రాసిన 16వ శతాబ్దంలోనే, మింగ్ వంశపు చైనాలో, ఈ సినిమాలకు మూలమైన 'ఫెంగ్‌షెన్ యాన్‌యీ' అనే నూరధ్యాయాల నవల కూడా రూపు దిద్దుకుంది. ఒకే పేరు ఆ కాలంలో రెండుచోట్ల రెండు బతుకులు బతుకుతోంది. మనవాడు శృంగార నాయకుడు, అక్కడివాడు ఏడేళ్ళ పిల్లాడు.

నజా కథ నవలలో 12 నుంచి 14 అధ్యాయాల్లో ఉంది. అది తెలియకపోతే సినిమాల్లో ఏం మారిందో పట్టుకోలేవు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఛెన్‌థాంగ్ అనే కోట దుర్గాధిపతి లీ జింగ్. భార్య యిన్ మూడున్నరేళ్ళు గర్భం మోసి మాంసపు ముద్దను కంటుంది. దెయ్యమనుకుని తండ్రి కత్తి పెట్టి కొడితే లోపలి నుంచి పిల్లాడు బయటికొస్తాడు, కుడి మణికట్టుకు బంగారు కడియం, పొట్టకు ఎర్ర పట్టుగుడ్డ చుట్టుకుని. వాడికి గురువు థాయ్‌యీ అనే సిద్ధుడు. ఏడేళ్ళప్పుడు ఎండ పడలేక ఏటిలో దిగి ఆ పట్టుగుడ్డను జాడిస్తాడు. ఆ గుడ్డ మహిమకు సముద్రం అడుగున డ్రాగన్ రాజు ఆవ్ గ్వాంగ్ భవనం అదిరిపోతుంది. ఏమిటా అని చూడ్డానికి వచ్చిన యక్షుణ్ణి, తర్వాత వచ్చిన మూడో రాకుమారుడు ఆవ్ బింగ్‌నీ చంపేస్తాడు. అంతటితో ఆగక రాకుమారుడి స్నాయువు లాగి, తండ్రి కవచానికి నడికట్టు చేద్దామనుకుంటాడు. డ్రాగన్ రాజులు తల్లిదండ్రుల్ని పట్టుకోవడానికి వస్తే, నా తప్పుకు నేనే పోతానని తన మాంసాన్ని తల్లికి, ఎముకల్ని తండ్రికి తిరిగి ఇచ్చేస్తాడు. పిల్లాడి ఆత్మ కలలో అడిగితే తల్లి రహస్యంగా గుడి కట్టిస్తుంది. తండ్రి వెళ్ళి ఆ గుడి తగలబెట్టి విగ్రహం పగలగొడతాడు.

అప్పుడు గురువు కొలనులోంచి రెండు తామరపూలు, మూడు తామరాకులు తెప్పిస్తాడు. రేకులు విడదీసి పరుస్తాడు. తూళ్ళను మూడువందల ముక్కలుగా విరిచి ఎముకల కీళ్ళలా పేరుస్తాడు. ఆకుల్ని పైన, మధ్యన, కింద ఉంచుతాడు, ఆకాశానికీ భూమికీ మనిషికీ గుర్తుగా. అందులో ఆత్మను ప్రవేశపెడితే కొత్త నజా లేచి నిలబడతాడు. చేతిలో నిప్పుమొన ఈటె, కాళ్ళ కింద గాలి-నిప్పు చక్రాలు. లేచీ లేవగానే ఎక్కడికి పోతాడనుకున్నావు? తండ్రిని చంపడానికి. చివరికి మరో సిద్ధుడు లీ జింగ్‌కు ఒక స్తూపం ఇస్తాడు. కొడుకు మీదికొస్తే దాన్ని విసిరి అందులో బంధించి మంట పెట్టమంటాడు. నజా లొంగిపోతాడు. వైశ్రవణుడి చేతిలో ఎప్పటినుంచో ఉన్న స్తూపానికి నవల ఈ కారణం చెప్పింది. ముందు బొమ్మ ఉంది, కథ తర్వాత పుట్టింది.

నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ ముడే. మాంసం తల్లికి, ఎముక తండ్రికి ఇచ్చేస్తే ఋణం తీరిందా లేదా? మన దగ్గరా పితృఋణం, మాతృఋణం అంటాం కాని, ఒంటిని కోసి లెక్క తేల్చిన పిల్లాడి కథ మనకు లేదు. పిల్లలు తల్లిదండ్రులకు లోబడి ఉండడమే గొప్ప ధర్మమని నమ్మిన దేశంలో ఈ కథ ముల్లులా గుచ్చుకుంటూనే వచ్చింది. అందుకే ఈ సినిమాలు తీసినవాళ్ళు ముందు తండ్రిని సరిచేశారు. మూడు సినిమాలు పెట్టుకుని నువ్వు తండ్రి పాత్ర ఒక్కటే చూడు.

1979లో షాంఘై యానిమేషన్ స్టూడియో తీసినది 65 నిమిషాలు. చైనాలో వైడ్ స్క్రీన్‌కు తీసిన తొలి పూర్తి నిడివి బొమ్మల సినిమా. దర్శకులు ముగ్గురు: వాంగ్ షూచెన్, యాన్ డింగ్‌షియెన్, షూ జింగ్‌దా. పాత్రల రూపకల్పన చిత్రకారుడు జాంగ్ డింగ్‌ది. గుడి గోడల మీది పాత బొమ్మల పద్ధతి పట్టుకుని నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, నలుపు, ఈ ఐదు రంగుల చుట్టూ బొమ్మ కట్టాడు. నడకలో, కత్తి తిప్పడంలో పెకింగ్ ఒపేరా అనే చైనా పాత సంగీత నాటకపు తీరు కనిపిస్తుంది. ఇందులో నజా తప్పు కడిగేశారు. వాన ఆపేసి పిల్లల్ని బలి కోరే డ్రాగన్‌ను ఎదిరించాడు కాబట్టి వాడు చేసింది న్యాయం. తండ్రి మాత్రం నలిగిపోయిన మనిషి. కొడుకును చంపడానికి కత్తి ఎత్తుతాడు, చెయ్యి ఆడదు, కింద పడేస్తాడు. ఆ కత్తి కొడుకే తీసుకుంటాడు. హోరున వాన, ఎర్రగుడ్డ, చిన్న మెడ. తిరిగి పుట్టాక ఈ నజా తండ్రి జోలికే పోడు, యుద్ధం అంతా డ్రాగన్‌లతోనే. నవలలోని పగను తీసేసి వదిలేశారు గాని, ముడి విప్పలేదు.

విప్పింది 2019లో వచ్చినది. నిడివి 110 నిమిషాలు. దర్శకుడు జ్యావ్‌జీ అన్న పేరుతో తెలిసిన యాంగ్ యూ, చైనాలో సిచువాన్ రాష్ట్రం మనిషి. చదివింది మందుల శాస్త్రం. అది వదిలేసి ఇంట్లో కూర్చుని దాదాపు ఒక్కడే మూడేళ్ళకు పైగా కష్టపడి 2008లో ఒక పొట్టి చిత్రం పూర్తి చేశాడు. ఆ రోజుల్లో ఇల్లు గడిచింది తల్లి పింఛనుతో, నెలకు వెయ్యి యువాన్ల మీద. తర్వాత నజా కథ చేతికొచ్చినప్పుడు స్క్రిప్టు 66 సార్లు తిరగరాశాడు.

ఇందులో కల్పన ఇది. ఒక దివ్యమైన మణి రెండుగా చీలుతుంది, మంచి ముత్యం ఒకటి, చెడు మాత్ర ఒకటి. ముత్యం నజాకు దక్కాలి. గురువు తాగిన మత్తులో ఉండగా షెన్ గోంగ్‌బావ్ అనేవాడు మార్చేస్తాడు. నజాకు మాత్ర, డ్రాగన్ కొడుకు ఆవ్ బింగ్‌కు ముత్యం. చెడు మాత్రకు మూడేళ్ళు నిండగానే పిడుగు పడి నాశనమయ్యే శాపం ఉంది. ఊరంతా పిల్లాణ్ణి రాక్షసుడంటుంది. తండ్రి పైకి కటువుగా ఉంటాడు గాని, లోపల కొడుకు చావు తన మీదికి మళ్ళించే మంత్రపు చీటీ సంపాదించి దాచుకుంటాడు. పుట్టినరోజు నాడు పిడుగు తన మీద పడాలని. నవలలో కొడుకు ఒళ్ళు కోసి తండ్రికిస్తే, ఇక్కడ తండ్రి తన ప్రాణం కొడుక్కివ్వబోతాడు. నాలుగొందల ఏళ్ళ కథను ఒక చీటీతో తిప్పేశారు. సంగతి తెలిశాక ఆ బలిని పిల్లాడే ఒప్పుకోడు. ఆ ఘట్టం దగ్గర మనవడితో మాట్లాడకు, చూడనీ.

రెండో తండ్రిని, అంటే ఆవ్ బింగ్ తండ్రి డ్రాగన్ రాజును, మాత్రం జారవిడవకు. డ్రాగన్‌లు ఇక్కడ సముద్రం అడుగున రాక్షసులకు కాపలా పెట్టిన ఖైదీల్లాంటివాళ్ళు. జాతి మొత్తం ఒంటిమీద ఉన్న గట్టి పొలుసు ఒక్కొక్కటి పీకి ఆవ్ బింగ్‌కు కవచం చేసి తొడుగుతారు. మమ్మల్ని పైకి తీసుకురావాల్సింది నువ్వే అంటారు. ప్రేమతోనే చేస్తారు. ఆ కవచం ఎంత బరువో పిల్లాడి భుజాలు చూస్తే తెలుస్తుంది. నా మటుకు నాకు పిడుగు కంటే ఈ పొలుసుల చొక్కాయే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక ఎలా చూపించాలి అంటే, ముందు 2019ది పెట్టు. చైనీస్ మాటలతోనే పెట్టి, నువ్వు పక్కన కూర్చుని తెలుగులో మెల్లగా చెబుతూ పో. ఏడేళ్ళవాడు ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవలేడు, చదివే హడావిడిలో బొమ్మ చూడడు. గురువు థాయ్‌యీ పందినెక్కి వస్తాడు, మాట సిచువాన్ యాసలో ఉంటుంది. నువ్వు చెప్పేటప్పుడు ఆయన మాటలకు మన శ్రీకాకుళం యాస వాడు, సరిగ్గా అతుకుతుంది. తలుపులు కాసే రెండు వింత జంతువుల ముఖాలు సిచువాన్‌లోనే సాన్‌షింగ్‌దుయ్ తవ్వకాల్లో బయటపడిన, బంగారు తొడుగున్న కంచు తలల నుంచి తీసుకున్నవి. ఫోన్లో ఆ కంచు తలల ఫోటో ముందే చూపించి ఉంచు, తెరమీద వాడే గుర్తుపడతాడు.

మొదలుపెట్టే ముందు 'ముత్యం', 'మాత్ర' అనే రెండు మాటలు చెప్పి, ఏది ఎవరికి దక్కాల్సిందో వేళ్ళ మీద చూపించు. మొదటి పది నిమిషాల్లోనే మార్పిడి అయిపోతుంది. అది తప్పిపోతే తర్వాత ఇద్దరిలో ఎవరు మంచివాడని అడుగుతూనే ఉంటాడు. భయపడే చోటు సముద్ర యక్షుడిది. చిన్నపాపను ఎత్తుకుపోతాడు, వాడి ఉమ్మి పడితే మనుషులు రాళ్ళవుతారు. మన యక్షులు నిధులు కాస్తారు కదా, వీడెందుకిలా అంటాడు. బౌద్ధంతో పాటు వెళ్ళిన యక్ష శబ్దమే అక్కడ 'యేఛా' అయి, కోరలున్న నీటి కాపలాదారుగా మారిందని చెప్పు. డ్రాగన్ రాజు కూడా అంతే, మన నాగరాజు అనే మాటకు బౌద్ధులు చేసుకున్న అనువాదంలోంచి పెరిగినవాడు.

1979ది కనీసం ఆరునెలలు ఆగి చూపించు. కత్తి దృశ్యం ఉంది కాబట్టి తామరలోంచి తిరిగి పుడతాడన్న సంగతి ముందే చెప్పెయ్యి. కథలో పట్టు పోతుందని దాచకు. ఆ పది నిమిషాలు పక్కనుంచి లేవకు. దృశ్యాన్ని ముందుకు జరిపెయ్యడం వద్దు, పిల్లలు చూడని భాగాన్ని చూసినదానికంటే భయంకరంగా ఊహించుకుంటారు.

2025 జనవరి 29న, చైనా కొత్త సంవత్సరం రోజున వచ్చిన, 2019 సినిమా రెండో భాగం మాత్రం వాడికి తొమ్మిది పది ఏళ్ళు వచ్చాక. ప్రపంచంలో రెండు వందల కోట్ల డాలర్ల వసూళ్ళు దాటిన తొలి బొమ్మల సినిమా అదే కనుక స్కూల్లో పిల్లలు చెప్పుకుంటారు, వీడు అడుగుతాడు. అయినా ఆగు. 144 నిమిషాలు, చిన్నపిల్లలకు అది రెండు పూటల పని. ఊరు బూడిదై మనుషులు బొగ్గులా నిలబడిపోయే దృశ్యం ఉంది. గుండెలో ముళ్ళు దిగే శాపం ఉంది. కొలిమిలాంటి పెద్ద పాత్రలో కొడుకును కావలించుకునే తల్లి చనిపోతుంది, కొడుకు ఒంట్లోంచి పొడుచుకొచ్చిన ముళ్ళు ఆమెకు దిగుతున్నా వదలదు. పెద్దవాళ్ళకే తట్టుకోవడం కష్టం. చూపించే రోజు వచ్చినప్పుడు ఉడతల్లాంటి జంతువుల పరీక్ష అవగానే ఆపు, అన్నం పెట్టు, మిగతాది మర్నాడు. ఆ రెండో పూట చివర్లో డ్రాగన్ తండ్రి కొడుకుతో అనే మాటలు విను. ఇన్నాళ్ళూ నా అనుభవం చూసి నీకు దారి గీశాను, అది నా కాలం నాటిది, సరైనదో కాదో, నీ దారి నువ్వే వెతుక్కోమంటాడు. పొలుసుల చొక్కాయి తొడిగిన తండ్రే ఆ మాట అనడానికి రెండు సినిమాలు పట్టింది.

ఇక తామర ఎందుకని వాడు అడుగుతాడు. మాటలతో చెప్పకు. పూల మార్కెట్లో కాడ పొడుగ్గా ఉన్న తామర ఒకటి కొను. తాజాగా ఉండాలి, వాడినదైతే పని చెయ్యదు. తూడును మధ్యలో పుటుక్కున విరిచి రెండు ముక్కల్నీ నెమ్మదిగా దూరం జరుపు. సాలీడు దారాల్లాంటి పోగులు తెగకుండా సాగుతూ వస్తాయి. గబుక్కున లాగితే తెగుతాయి, వేలి వెడల్పు చొప్పున లాగు. విరిగినా పోగు తెగలేదని చైనావాళ్ళకు ఒక సామెత ఉంది, విడిపోయినా తెగని బంధాన్ని అలా అంటారు. గురువు మూడువందల ముక్కలు చేసింది ఈ తూళ్ళనే.

చివరగా ఆట. 2019 సినిమాలో నజాతో ఎవరూ ఆడరు. దెయ్యాల మీద యుద్ధాలు మానుకుని తీరిక చేసుకున్నప్పుడు తల్లి కవచం తొడుక్కుని మరీ ఆడుతుంది, తర్వాత సముద్రం ఒడ్డున ఆవ్ బింగ్ ఆడతాడు. ఈకల బిళ్ళను కాలితో తన్నుతూ కింద పడకుండా ఉంచే ఆట, జ్యెన్‌జీ అంటారు. సినిమా అవగానే వాడు కావాలంటాడు, ఇంట్లోనే చెయ్యొచ్చు. ఇనుప వాషర్లు రెండు, బయటి వ్యాసం మూడున్నర సెంటీమీటర్లు. వాటి మధ్యన, వాటికంటే కొంచెం పెద్దగా పాత సైకిల్ ట్యూబు రబ్బరు గుండ్రంగా కత్తిరించి పెట్టు, రంధ్రం సరిగ్గా నడిమిన పడాలి. పాత పెన్ను గొట్టం రెండు సెంటీమీటర్లు కోసి ఆ రంధ్రంలో నిలబెట్టి, కింద మొదలు దారంతో బిగించి ఫెవికాల్ పట్టించు. కోడి తోక ఈకలు నాలుగు, జానెడుకు తక్కువ. కుంకుడు నీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టాలి. ఈకల వంపు నాలుగూ బయటికి తిరిగేటట్టు గొట్టంలో దూర్చు. లోపలికి తిరిగితే బిళ్ళ పక్కకు ఒరిగి గిరగిరా తిరుగుతుంది. ఒక ఈక పొడుగైతే ఎప్పుడూ అటే పోతుంది, కత్తెరతో సమం చెయ్యి. జిగురు రాత్రంతా ఆరాలి. తొందరపడితే పదో తన్నుకే ఈకలు ఊడొస్తాయి. ఒక్క వాషరుతో చేస్తే గాలికి కొట్టుకుపోతుంది, మూడు పెడితే పిల్లాడి పాదం వాస్తుంది. పోటీల్లో వాడేవి 13 నుంచి 15 గ్రాములు ఉంటాయి, కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టి చూసుకో.

తన్నేది పాదం లోపలి పక్కతో, మోకాలు బయటికి మడిచి. బొటనవేలితో తన్నితే దూరంగా పడుతుంది. చెయ్యి తగిలితే ఆట పోయినట్టు. మొదటి వారం రెండు తన్నులు పడితే అదే ఎక్కువ, నువ్వూ లెక్కపెడుతూ ఎదురుగా నిలబడు.

వాషర్లూ, ఎనిమిది ఈకలూ పార్సిల్లో పంపుతున్నాను. నాలుగు పాడైనా నాలుగు మిగులుతాయి. కోడలికి, పిల్లాడికి మా ఇద్దరి ఆశీస్సులు.

నాన్న